తెనాలి రామకృష్ణుని కథలు: పుస్తకం నుంచి తెరకు

తెలుగు పిల్లలు బడిపుస్తకాలు కాక సొంతంగా చదువుకునే తొలి పుస్తకాల్లో తెనాలి రామకృష్ణుని కథలు ఒకటి. పాలగిన్నె చూస్తేనే పారిపోయే పిల్లి, దొంగల చేత పాదులకు నీళ్లు తోడించుకున్న ఇంటాయన, పట్టిన గడ్డం వదలని గుర్రం, వెయ్యి ముక్కులుండి రెండే చేతులున్న కాళికను చూసి నవ్వాపుకోలేకపోయిన కుర్రాడు. ఇవి వినకుండా పెరిగిన తెలుగువాళ్లు అరుదు. ఈ కథలు 1938 నుంచి తమిళంలోను, 1941 నుంచి తెలుగులోను, ఆ తర్వాత కన్నడ, హిందీ భాషల్లోను వెండితెరకూ బుల్లితెరకూ ఎక్కుతూనే ఉన్నాయి. కథానాయకుడు ఒకడే, ఆస్థానం ఒకటే, రాజగురువూ ఒకడే. అయినా ఏ రెండు చిత్రాల్లోనూ రామకృష్ణుడు ఒకలా ఉండడు. ఒకచోట రాజ్యాన్ని గట్టెక్కించే నీతిజ్ఞుడు, ఇంకోచోట పూటకో చిక్కు విప్పే చమత్కారి, మరోచోట ఉత్త హాస్యగాడు. పక్కన నిలబడ్డ రాజును ఎలా చూపించారన్నదాన్ని బట్టే రామకృష్ణుడి రూపం మారుతూ వచ్చిందని ఈ చిత్రాలన్నీ వరసగా చూస్తే తెలుస్తుంది.

పుస్తకం పుట్టుక

రామకృష్ణుడు కల్పిత వ్యక్తి కాడు. పదహారో శతాబ్ది కవి. ఇంటిపేరు గార్లపాటి, తండ్రి రామయ్య, తల్లి లక్కమాంబ. గుంటూరు సీమలోని గార్లపాడును ఆయన పుట్టిన ఊరుగా, తెనాలిని పెరిగిన ఊరుగా చెప్పుకుంటారు. ఉద్భటారాధ్య చరిత్రము, పాండురంగ మాహాత్మ్యము, ఘటికాచల మాహాత్మ్యము ఆయన కావ్యాలు. పాండురంగ మాహాత్మ్యాన్ని విరూరి వేదాద్రి మంత్రికి అంకితమిచ్చాడు. శ్రీకృష్ణదేవరాయలు ఏలింది 1509 నుంచి 1529 వరకు. రామకృష్ణుడు నిజంగా ఆ కొలువులో ఉన్నాడా, తర్వాతి తరం కవా అన్నది సాహిత్య చరిత్రకారులు చాలాకాలంగా వాదించుకుంటున్న విషయం. శైవ కావ్యం రాసిన రామలింగడు, వైష్ణవ కావ్యం రాసిన రామకృష్ణుడు ఒకరేనా అన్న చర్చ కూడా ఉంది. సినిమావాళ్లు ఈ గొడవలోకి దిగలేదు. జనం నోట ఉన్న లెక్కే వాళ్ల లెక్క: అష్టదిగ్గజాల్లో ఒకడు, రాయల ముందు దేనికీ జంకనివాడు.

కథలు మొదట నోటి మీద నడిచాయి. పద్యంతో ముడిపడ్డవి చాటువులుగా పండితుల ఇళ్లలో నిలిచాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్య మణిమంజరితో వాటిలో చాలా పద్యాలు అచ్చుకెక్కాయి. పద్యం అక్కర్లేని కథలు పిల్లలకు వచ్చాయి. దక్షిణాది జానపద కథలు పోగుచేసిన ఎస్.ఎం. నటేశశాస్త్రి 1900లో తెనాలిరాముడి కథలను ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చాడు. ఆ తర్వాత తెలుగులో ఎందరో ప్రచురణకర్తలు రంగుల అట్టలతో, పెద్ద అక్షరాలతో, సన్నపాటి పుస్తకాలుగా ఈ కథలను అచ్చువేశారు, ఇప్పటికీ వేస్తున్నారు.

ఈ పుస్తకాలకు గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టసీమతో ఉన్న చుట్టరికం ప్రత్యేకం. గుంటూరు నగరానికి పడమటి అంచున నల్లపాడు దగ్గర రైలు దారి రెండుగా చీలుతుంది. ఒకటి నరసరావుపేట, వినుకొండ మీదుగా నంద్యాల వైపు, ఇంకొకటి సత్తెనపల్లి, నడికుడి మీదుగా సికింద్రాబాదు వైపు పోతుంది. తూర్పుగా వెళ్లి గుంటూరు దాటితే తెనాలి ఎంతో దూరం లేదు. పత్తి, మిరప పండే ఈ నల్లరేగడి ఊళ్ల పిల్లలకు రామకృష్ణుడు ఎక్కడో రాజధానిలో బతికిన పాతకాలపు మనిషి కాడు. తమ రైలు వెళ్లే ఊరి మనిషి. తెనాలిలో పురపాలక సంఘం కళాక్షేత్రానికి పెట్టుకున్న పేరు కూడా రామకృష్ణ కవిదే.

పోలిక మొదలుపెట్టే ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. కొల్లోడి రాసిన పినోకియో 1883లో పుస్తకమైంది, డిస్నీ దాన్ని 1940లో బొమ్మల సినిమా చేశాడు. అక్కడ ఫలానా పేజీలో ఉన్నది తెర మీదికి వచ్చిందా లేదా అని వేలు పెట్టి చూపించవచ్చు. తెనాలి రామకృష్ణుని కథలకు అలాంటి ఒకే రచయిత లేడు, ఒకే పాఠం లేదు. ఒక పుస్తకంలో కాళిక ఇచ్చినవి పాలగిన్నె, పెరుగుగిన్నె అయితే ఇంకో పుస్తకంలో బంగారు గిన్నె, వెండి గిన్నె. వీటికి దగ్గరి పోలిక ముల్లా నస్రుద్దీన్ కథలు. వాటికీ కర్త లేడు. లియొనిద్ సొలొవ్యోవ్ ఆ కథలను నవలగా కూర్చాక దాని మీద ప్రొతజానొవ్ 1943లో సోవియట్ సినిమా తీశాడు. విడివిడి చమత్కారాలను నవలాకారుడు ముందే ఒక కథగా అల్లిపెట్టాడు గనుక దర్శకుడి పని తేలికైంది. మన దగ్గర ఆ అల్లిక పని నాటకం చేసింది.

1941: తొలి చిత్రం

తెలుగులో తొలి తెనాలి రామకృష్ణ చిత్రం 1941లో రోహిణీ పిక్చర్స్ పతాకం మీద హెచ్.ఎం. రెడ్డి తీసినది. తొలి పూర్తి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద తీసిందీ ఈయనే. టాకీ వచ్చి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. చాలా చిత్రాలకు కథలు పురాణాల నుంచీ రంగస్థలం నుంచీ వస్తున్న రోజులవి. దేవుడు గానీ భక్తుడు గానీ కాని కవిని, అదీ అల్లరి కవిని కథానాయకుడిగా పెట్టి సినిమా తీయడం ఆ వరసలో చెప్పుకోదగ్గ మలుపు. జనానికి కథ ముందే తెలుసు కాబట్టి పురాణ చిత్రానికి ఉండే ధీమా దీనికీ ఉంది. తమిళంలో అంతకు మూడేళ్ల ముందే, 1938లో, తెనాలిరామన్ పేరుతో చిత్రం వచ్చింది.

1956: బి.ఎస్. రంగా చిత్రం

తెనాలి రామకృష్ణ అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది విక్రమ్ ప్రొడక్షన్స్ వారి 1956 చిత్రమే. నిర్మాత, దర్శకుడు బి.ఎస్. రంగా కన్నడ దేశం నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డ ఛాయాగ్రాహకుడు. సి.హెచ్. వెంకట్రామయ్య నాటకం దీనికి ఆధారం. సంగీతం విశ్వనాథన్, రామమూర్తి. తెలుగు చిత్రం 1956 జనవరిలో సంక్రాంతి ముందు విడుదలైంది. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో అఖిల భారత స్థాయి మెరిట్ సర్టిఫికెట్ అందుకుంది.

తెర మీదా తెర వెనకా ఉన్నవాళ్ల ఊళ్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రచన చేసిన సముద్రాల రాఘవాచార్యది రేపల్లె దగ్గర పెదపులివర్రు. మహామంత్రి తిమ్మరుసుగా వేసిన నాగయ్యది రేపల్లె. శత్రువులు పంపిన నర్తకిగా వేసిన భానుమతిది ఒంగోలు దగ్గర దొడ్డవరం. రామకృష్ణుని భార్యగా వేసిన జమున హంపీలో పుట్టి తెనాలి పక్క దుగ్గిరాలలో పెరిగింది. రాయల రాజధానిలో పుట్టి రామకృష్ణుడి ఊరి పక్కన పెరిగిన నటి ఆ ఇద్దరి కథలో నటించడం నాకు ఎంతో ముచ్చటగా అనిపించే సంగతి. రాయలుగా వేసిన ఎన్.టి. రామారావు స్వగ్రామం కృష్ణా జిల్లాలో ఉన్నా చదివింది గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో, కొద్దిరోజులు సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం చేసింది గుంటూరు జిల్లాలో. కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావుదీ కృష్ణా జిల్లాయే.

పిల్లల పుస్తకం నుంచి ఈ చిత్రం ఏం తీసుకుంది, ఏం వదిలేసింది అన్నది ఆసక్తికరమైన లెక్క. తీసుకున్నవాటిలో బాగా పండింది ఏనుగుల పంపకం. తండ్రి 17 ఏనుగులు వదిలి పోయాడు. పెద్దవాడికి సగం, నడిమివాడికి మూడో వంతు, చిన్నవాడికి తొమ్మిదో వంతు అని మాట చెప్పాడు. ఏనుగును కోయకుండా పంచడం ఎవరి తరమూ కాలేదు. రామకృష్ణుడు రాజుగారి ఏనుగును ఒకదాన్ని తెచ్చి కలిపాడు. ఇప్పుడు 18. పెద్దవాడికి 9, నడిమివాడికి 6, చిన్నవాడికి 2. కూడితే 17. మిగిలిన ఏనుగు మళ్లీ రాజుగారి గజశాలకు. తండ్రి చెప్పిన వాటాలన్నీ కలిపినా మొత్తంలో పద్దెనిమిదింట పదిహేడు వంతులే అవుతాయి, చిట్కా అంతా అక్కడే ఉంది. ఈ లెక్క ఒక్క తెలుగువాళ్లదే కాదు, అరబ్బు దేశాల్లో ఒంటెల లెక్కగా తిరుగుతుంది. చిత్రంలో దీన్ని మొదట్లోనే పెట్టడం తెలివైన పని. రామకృష్ణుడికి కొలువులో చోటు దొరకడానికి కారణం చూపించినట్టూ అయింది, వీడు నోటి దురుసు మనిషే కాదు, బుర్ర ఉన్నవాడు అని పిల్లలకు ఒక్క సన్నివేశంలో చెప్పినట్టూ అయింది.

ఆ తర్వాత కథ పిల్లల పుస్తకాన్ని వదిలి రాజకీయంలోకి దిగుతుంది. విజయనగరాన్ని కూల్చాలని పొరుగు సుల్తానులు వేగులను పంపుతారు. నర్తకి వలలో పడి రాయలు పాలన మరుస్తాడు. అంతఃపురం కుములుతుంది, మహామంత్రి మాట చెల్లదు, చనువుగా చెప్పగలిగిన రామకృష్ణుడి మీద రాజుకు ఆగ్రహం వస్తుంది. చివరికి రామకృష్ణుడు ఢిల్లీ దాకా వెళ్లి బాబరును మెప్పించి విజయనగరానికి మేలు చేస్తాడు. ఇదేదీ దీపపు గూటి దగ్గర అమ్మమ్మ చెప్పే కథ కాదు. కానీ కాలం లెక్క మరీ తప్పలేదు. బాబరు పానిపట్టులో గెలిచింది 1526లో, రాయలు చనిపోయింది 1529లో. బాబరు తన ఆత్మకథలో విజయనగర రాజును ప్రస్తావించాడు కూడా.

పుస్తకాన్ని ప్రేమించినవాళ్లకు ఇక్కడే పేచీ. రెండో సగంలో నవ్వు తగ్గి కుట్ర పెరుగుతుంది. అయినా నా దృష్టిలో ఈ చిత్రానికి బలం ఆ కుట్రే. పిల్లల పుస్తకంలో రాయలు ఎప్పుడూ ఒకేలా ఉంటాడు. కోపం వస్తుంది, తల తీయమంటాడు, రామకృష్ణుడు ఏదో అంటాడు, నవ్వి వరహాల సంచీ ఇస్తాడు. మళ్లీ తర్వాతి కథలో కోపం వస్తుంది. రంగా చిత్రంలో రాజు నిజంగా తప్పు చేస్తాడు, ఆ తప్పుకు రాజ్యం చెల్లించుకోవలసిన పరిస్థితి వస్తుంది. అలాంటి రాజు పక్కన ఉంటేనే రామకృష్ణుడి మాటకు బరువు. తల తీస్తానన్న బెదిరింపు పుస్తకంలో ఒక ఆట, చిత్రంలో ప్రాణగండం. చిన్న చమత్కారాలను అన్నిటినీ దండగా గుచ్చి ఉంటే రెండు మూడు గంటల సినిమా నిలబడేది కాదు.

నటుల ఎంపిక కూడా ఈ పని చేసిపెట్టింది. అంతకు ఏడాది ముందు మిస్సమ్మలో రామారావు కథానాయకుడు, నాగేశ్వరరావు నవ్వించే డిటెక్టివ్. ఆ జంట చనువు ప్రేక్షకుల కళ్లలో ఇంకా తాజాగా ఉంది. దేవదాసుగా ఏడిపించిన నటుడు అల్లరి చేయగలడని మిస్సమ్మ చూపించింది. ఈ రామకృష్ణుడు గెంతడు, మూతి తిప్పడు. మాట అనే ముందు ఒక్క క్షణం ఆగి, ఎదుటివాడు వలలో పడ్డాడని నిర్ధారించుకుని అంటాడు. ఇక పోతన, త్యాగయ్య, వేమన పాత్రలతో జనం మనసులో పెద్దమనిషిగా నిలిచిపోయిన నాగయ్య తిమ్మరుసుగా మౌనంగా నిలబడితే చాలు, రాజు ఎంత దారి తప్పాడో చెప్పక్కర్లేదు. రామారావు రాయల పాత్రను 1962లో మహామంత్రి తిమ్మరుసులో మళ్లీ వేశాడు. అందులో కథకు కేంద్రం మంత్రి.

తమిళ జోడీ, కన్నడ రూపం

రంగా ఈ చిత్రాన్ని తమిళంలో కూడా తీశాడు. తెనాలిరామన్ పేరుతో అదే 1956 ఫిబ్రవరిలో విడుదలైంది. రాయలుగా రామారావు, నర్తకిగా భానుమతి, తిమ్మరుసుగా నాగయ్య అక్కడా ఉన్నారు. మారింది ముఖ్యంగా కథానాయకుడు. తమిళంలో రామన్ శివాజీ గణేశన్. ఒకే దర్శకుడు, ఒకే కథ, ఒకే రాజు, కవి మాత్రం వేరు. ఇంత కచ్చితంగా పోల్చి చూసుకునే వీలు మన సినిమాల్లో అరుదుగా దొరుకుతుంది. అక్కినేని రామకృష్ణుడు తెలివిని దాచుకుని నవ్వుతాడు. నాటకరంగం నుంచి వచ్చిన శివాజీ రామన్ తెలివిని చాటుకుని గెలుస్తాడు. సంభాషణే ప్రాణమైన తమిళ చిత్రాలకు శివాజీ తీరు సరిపోయింది. తెనాలి పొలిమేరల్లో వినిపించే మాటతీరుకు, పొడిగా అనేసి పక్కకు చూసే ఆ ఒడుపుకు, అక్కినేని తీరు దగ్గర.

1982లో రంగా మళ్లీ ఇదే కథను చేతికి తీసుకుని కన్నడంలో హాస్యరత్న రామకృష్ణ తీశాడు. కథానాయకుడు అనంత్ నాగ్. కన్నడిగులకు రాయలు పరాయి రాజు కాడు. కన్నడ రాజ్య రమారమణుడన్న బిరుదున్నవాడు. కాబట్టి తెలుగు కవి కథ అక్కడ సొంత ఆస్థానం కథగానే నడిచింది. చిత్రం పేరులోనే హాస్యం చేరిందని గమనించాలి. 26 ఏళ్లలో నీతిజ్ఞుడు పక్కకు జరిగి నవ్వించేవాడు ముందుకొచ్చాడు.

బుల్లితెర మీద

పిల్లల పుస్తకానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చింది సినిమా కాదు, దూరదర్శన్ ధారావాహిక. 1990లో హిందీలో వచ్చిన తెనాలిరామ పిల్లల కథల రచయిత్రి కమలా లక్ష్మణ్ రాసిన కథల ఆధారంగా తీసినది. వ్యంగ్య చిత్రకారుడు ఆర్.కె. లక్ష్మణ్ భార్య ఆమె. దర్శకుడు కన్నడ సినిమాకు చెందిన టి.ఎస్. నాగాభరణ, రామకృష్ణుడుగా విజయ్ కశ్యప్. భాగానికొక కథ. చిక్కు రావడం, కొలువంతా తలలు పట్టుకోవడం, రామకృష్ణుడు ఇంటికి వెళ్లి ఆలోచించడం, మర్నాడు కొలువులో విప్పడం. పుస్తకం నడక సరిగ్గా ఇదే. సినిమా ఆ విడి కథలను బలవంతాన ఒకే ముడి వేయవలసి వచ్చింది. ధారావాహికకు ఆ అవసరం లేదు. పిల్లవాడు ఒక రాత్రికి ఒక కథ చదివి పుస్తకం మూసినట్టే, ఒక భాగం చూసి లేచిపోవచ్చు.

అక్కడ పోయింది భాష. హిందీ మాట్లాడే విజయనగరంలో చాటువు నిలవదు. తెలుగులో రామకృష్ణుడి చమత్కారాల్లో సగం మాట విరుపు మీదా పద్యం మీదా నిలబడ్డవి. ధూర్జటి పలుకుకు అంత తీపి ఎక్కడిదని రాయలు పద్యంలో అడిగితే రామకృష్ణుడు పద్యంలోనే కొంటె జవాబు చెప్పాడన్న కథ పెద్దలకు నోటికొచ్చు. అలాంటిదాన్ని హిందీలోకి తెచ్చే దారి లేదు. మిగిలింది సంఘటన చమత్కారం. పిల్లికి కాగిన పాలు పోయడం ఏ భాషలోనైనా అర్థమవుతుంది. అందుకే దేశమంతటికీ తెలిసిన తెనాలిరాముడు పిల్లి, గుర్రం, బావి కథల రాముడు. పద్యం చెప్పే రామలింగడు తెలుగు దాటి పెద్దగా పోలేదు. దూరదర్శన్ చూసిన ఉత్తరాది పిల్లలకు అతను బీర్బలు లాంటి మరో తెలివైన సభికుడు.

2000ల మొదట్లో తిరువనంతపురం కేంద్రంగా ఉన్న టూంజ్ యానిమేషన్ సంస్థ తెనాలిరామన్ సాహసాలను బొమ్మల ధారావాహికగా తీసి కార్టూన్ నెట్‌వర్క్‌లో చూపించింది. ఇక్కడి బొమ్మల ధారావాహికల్లో తొలితరంది అది. పిలక, బొట్టు, గుండ్రటి మొహం, చకచకా నడిచే కాళ్లు: పిల్లలు గుర్తుపట్టే రూపం స్థిరపడింది. కానీ పుస్తకాల్లోని నల్లటి గీతల బొమ్మల్లో రామకృష్ణుడి మొహాన ఉండే కాస్తంత దుందుడుకుతనం ఆ గుండ్రటి మొహంలో లేదు.

2017 నుంచి 2020 వరకు సబ్ టీవీలో నడిచిన తెనాలి రామ వందల భాగాలు సాగింది. కృష్ణ భరద్వాజ్ రామకృష్ణుడు, మానవ్ గోహిల్ రాయలు, పంకజ్ బెరీ రాజగురువు తాతాచార్యుడు. సన్నపాటి పుస్తకంలో ఉన్నవి పట్టుమని నలభై యాభై కథలు. వందల భాగాలకు అవి చాలవు. కాబట్టి కొత్తవి కల్పించారు. ఆ సాగతీతలో ఒక లాభం కూడా ఉంది. పుస్తకంలో పేరుకే ఉండే భార్య, తల్లి ఇందులో మనుషులయ్యారు. తాతాచార్యుడు శాశ్వతమైన హాస్య ప్రతినాయకుడయ్యాడు.

2014: వడివేలు తెనాలిరామన్

యువరాజ్ దయాళన్ దర్శకత్వంలో ఏజీఎస్ సంస్థ తీసిన తమిళ చిత్రం తెనాలిరామన్ 2014 ఏప్రిల్‌లో వచ్చింది. కొంత విరామం తర్వాత వడివేలు తిరిగి కథానాయకుడిగా కనిపించిన చిత్రం ఇది. అందులో తెనాలిరామన్ ఆయనే, రాజూ ఆయనే. 36 మంది భార్యలు, 52 మంది పిల్లలు ఉన్న ఆ రాజు ప్రజల సంగతి పట్టించుకోడు. మంత్రులు లంచాలు మేసి చైనా వర్తకులకు అంగళ్లు అప్పగిస్తారు. రామన్ రాజు కళ్లు తెరిపిస్తాడు. చిల్లర వర్తకంలోకి విదేశీ పెట్టుబడులు రావచ్చా అని దేశంలో వాదన నడిచిన రోజుల చిత్రమిది.

విడుదలకు ముందే తమిళనాడులోని తెలుగు సంఘాలు అభ్యంతరం చెప్పాయి. రాయలను వెకిలిగా చూపిస్తున్నారన్నది వాళ్ల బాధ. వ్యవహారం మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. ఆ రాజు కల్పితుడని, రాయలు కాడని నిర్మాతల వాదన. చిత్రంలో నగరం పేరు కూడా విజయనగరం కాదు. ఆ ఆవేదనను తేలిగ్గా తీసెయ్యలేం. మద్రాసులో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకు రాయలు ఒక కథలో పాత్ర మాత్రమే కాడు. కానీ చిత్రంగా చూస్తే అసలు లోపం వేరేచోట ఉంది. రాజు ముందే కోమాళి అయితే రామకృష్ణుడికి పని లేదు. కొలువులో ఒక్కడే నవ్వించాలి, మిగిలినవాళ్లు బిగుసుకుని కూర్చోవాలి, అప్పుడే కథ. ఇద్దరికీ ఒకే మొహం పెట్టడంతో ఆ బిగువు పోయింది.

తొంగిచూసిన చిత్రాలు

సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ఆదిత్య 369లో కాలయంత్రం ఎక్కి విజయనగరం వెళ్లిన యువకుడికి రాయల కొలువులో తెనాలి రామకృష్ణుడు ఎదురవుతాడు. ఆ పాత్ర చంద్రమోహన్ వేశాడు. రాయలుగా, యువకుడిగా బాలకృష్ణ. చిన్న పాత్రే. కానీ పిల్లలకు ఇష్టమైన తెలుగు చిత్రంలో వాళ్లకు తెలిసిన పుస్తకం మనిషి అలా నడిచి రావడం వాళ్లకు పండగ. కమల్‌హాసన్ తెనాలి (2000), సందీప్ కిషన్ తెనాలి రామకృష్ణ బి.ఎ.బి.ఎల్. (2019) పేరు మాత్రమే వాడుకున్నాయి, కథలతో వాటికి సంబంధం లేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

అన్ని రూపాలూ ఒక విషయంలో పుస్తకాన్ని మెత్తబరిచాయి. పుస్తకంలో రామకృష్ణుడు ఒక్కోసారి కటువు. రాజమాత మామిడిపళ్ల మీద కోరికతో కన్నుమూసిందని, ఆ కోరిక తీరాలంటే బ్రాహ్మణులకు బంగారు మామిడిపళ్లు దానం చేయాలని రాజగురువు చెబుతాడు. దానం పట్టిన బ్రాహ్మణులను రామకృష్ణుడు ఇంటికి పిలిచి, మా అమ్మ వాతరోగానికి వాతలు పెట్టించుకోవాలనుకుంటూ పోయింది, ఆమె కోరికా తీర్చండని ఇనుప కడ్డీ కాల్చి వాతలు పెడతాడు. పిల్లి నోరు కాలిన కథ కూడా దాని చుట్టమే. పిల్లలు ఈ కథలు చదివి నవ్వుతారు, ఎందుకంటే అక్షరాల్లో కడ్డీ కాలదు. తెర మీద ఎర్రగా కాలిన కడ్డీ, అరుస్తున్న మనిషి కనిపిస్తే ఆ నవ్వు నిలవడం కష్టం. కథ చూపించే దోపిడి మాత్రం నిజమైనది. చావును అడ్డం పెట్టుకుని బంగారం గుంజేవాడికి ఎదురుదెబ్బ తగలాలన్న కసి జనంలో ఉంది కాబట్టే ఇది ఇన్నాళ్లు బతికింది. కాల్చిన కడ్డీని తీసేసినప్పుడు ఆ కసిని నిలబెట్టే దారి ఒకటి వెతకవలసి ఉంది. 1956 చిత్రం ఆ కోపాన్ని రాజద్రోహుల మీదికి మళ్లించి కొంతవరకు నిలబెట్టింది.

రాజగురువు సంగతి ఇందుకు దగ్గరదే. గురువు భుజాల మీద రామకృష్ణుడు ఊరేగడం, మేడ మీద నుంచి చూసిన రాజు పైనున్నవాణ్ని తన్నమని భటులను పంపడం, రామకృష్ణుడు అది పసిగట్టి చటుక్కున దిగి గురువును తన భుజాల మీద కూర్చోబెట్టుకోవడం. పుస్తకంలో ఇది తప్పు చేసి దొరికిపోయిన పెద్దమనిషి మీద పగ. రంగా చిత్రంలో తాతాచార్యుడుగా ముక్కామల వేశాడు. ప్రతినాయక పాత్రలకు పేరుపడ్డ నటుడు గనుక ఆ గురువు వల్ల హాని ఉంటుందని ప్రేక్షకుడు నమ్ముతాడు. సబ్ టీవీ గురువును చూసి ఎవరూ భయపడరు. భయపెట్టలేని గురువును ఓడించడంలో గొప్ప లేదు.

ఇన్ని చిత్రాల్లోనూ వెనకపడ్డవాడు కవి. పాండురంగ మాహాత్మ్యంలో దారి తప్పిన తమ్ముడు నిగమశర్మను దిద్దాలని తాపత్రయపడే అక్క పాత్ర తెలుగు కావ్యాల్లో మరిచిపోలేని ఇల్లాళ్లలో ఒకటి. కవి ఆమెకు పేరు కూడా పెట్టలేదు. ఇంట్లో కొట్టుమిట్టాడే మనుషులను అంత దగ్గరగా చూసినవాడు రాత్రి పూట ఏం రాసుకునేవాడో, కొలువులో నవ్వించి ఇంటికొచ్చాక ఎలా ఉండేవాడో ఏ చిత్రమూ ఆగి చూపించలేదు. ఆ కావ్యం నుంచి వచ్చిన కథ మాత్రం తెర మీద గొప్పగా ఆడింది. తెనాలి రామకృష్ణ విడుదలైన మరుసటి ఏడాది, 1957లో, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో రామారావు పుండరీకుడుగా పాండురంగ మహత్యం వచ్చింది. ముందటేడు రామకృష్ణుడిని కొలువులో కూర్చోబెట్టుకున్న నటుడే ఆయన కావ్యంలోని కొడుకై, తల్లిదండ్రుల పాదాల దగ్గర కూర్చున్నాడు.